భీమేశం పట్టిన శ్రుతి

సంగీతం నేర్చుకోవడానికి మెట్లుంటాయంటారు. ఉన్న మాట నిజమే. అయితే ఎవరిని ఏ మెట్టు మీద ఎన్నాళ్ళు కూర్చోబెట్టాలన్నది పైమెట్టు మీదున్నవాడి దయ. ఆత్రేయపురానికి అవతల, గోదావరి గట్టు కింద ఉండే మా ఊళ్ళో ఆ పైమెట్టు మీద చాలాకాలం కూర్చున్నవాడు సన్నాయి భీమేశం. ఆనకట్ట కట్టాక కాలవలు పారి, వరి విరగపండి, రాజుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు రోజుల తరబడి జరుగుతున్న కాలం అది. భీమేశం మేళం రాకపోతే పెళ్ళివారు ముహూర్తం మార్చుకున్నారని కూడా చెబుతారు. అది కొంచెం ఎక్కువే అనుకోండి. నేను ఆయన్ని చూడలేదు. మా నాయనమ్మ చూసింది. ఆవిడ చెప్పిందీ, భీమేశం ఇంట్లోవాళ్ళు చెప్పిందీ కలిపి చెబుతున్నాను.

భీమేశం పొద్దున్నే గట్టు మీద పాఠం చెప్పేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు చేత్తో తాళం వెయ్యాలి, నోటితో సరళీ స్వరాలు పాడాలి. అవి నలిగాక జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు. అప్పటికి గాని సన్నాయి ముట్టుకోనిచ్చేవాడు కాదు. వర్ణాలూ కీర్తనలూ వేళ్ళకు ఎక్కినవాడికి ఆఖర్న లక్షణం చెప్పేవాడు. ఏ రాగంలో ఏ స్వరం ఎంత ఊగాలి, అన్నదమ్ముల్లా కనిపించే రెండు రాగాలు ఎక్కడ విడిపోతాయి, తెల్లవారుజామున ఏది వాయించాలి, పొద్దు గూకాక ఏది వాయించకూడదు, ఇవన్నీ లక్షణంలోకి వస్తాయి. అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. గోదావరి వింటే ఎత్తుకుపోతుందనుకునేవాడేమో.

ఈ తరగతులన్నిటికీ వెనకాల ఇంకో చాప ఉండేది. అది శ్రుతి పట్టేవాడిది. శ్రుతి కూడా చూడ్డానికి సన్నాయి లాంటిదే, కాస్త పొడుగు. దాని కన్నాలు మైనంతో మూసేసి ఉంటాయి కాబట్టి వేళ్ళకు పని లేదు. ఒక్కటే స్వరం, షడ్జం. పాట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా ఆ ఒక్క స్వరాన్ని తెగకుండా ఊదాలి. బుగ్గల్లో దాచుకున్న గాలిని వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. దగ్గు రాకూడదు, తుమ్ము రాకూడదు, నవ్వు అసలే రాకూడదు. నోట్లో ఎప్పుడూ పీక, అంటే గొట్టం కొసన గుచ్చే రెల్లు ముక్క, ఉంటుంది గనక పాఠంలో అనుమానం వచ్చినా అడగడానికి లేదు.

ఆ చాప మీద కూర్చునేవాడు బుల్లబ్బాయి. భీమేశానికి సొంత మేనల్లుడు. తల్లి బుల్లెమ్మ జ్వరంతో పోతూ పోతూ అన్నగారి చెయ్యి పట్టుకుని, “అన్నయ్యా, పొలం పుట్రా ఏం అడగను. నా కొడుక్కి పీక అందియ్యి. చాలు” అంది.

“అందిస్తానే. నా కొడుకూ నీ కొడుకూ నాకు రెండా?” అన్నాడు భీమేశం. అన్నప్పుడు మనసులో కూడా అదే ఉంది. ఆ విషయంలో ఆయన్ని అనుమానించడానికి లేదు.

పీక అందివ్వడమంటే వాళ్ళ మేళాల్లో చిన్న సంగతి కాదు. గురువు గుడిలో దేవుడి ఎదుట నిలబడి, సన్నాయి పీకని తన చేత్తో శిష్యుడి నోటికి అందించాలి. అది జరిగేదాకా ఎంత విద్య వచ్చినా సన్నాయి పట్టి సభలో కూర్చోవడానికి వీల్లేదు. చాటుగా నేర్చుకుని వాయించినవాడిని దొంగ కింద జమకట్టేవారు, ఏ మేళమూ దగ్గరికి రానిచ్చేది కాదు. భీమేశం కొడుకు సోమన్నకి మీసం రాకుండానే పీక అందింది. సోమన్న సంగీతాన్ని కషాయం తాగినట్టు నేర్చుకున్నవాడు. వాడికన్నా పెద్దవాడైన బుల్లబ్బాయికి మాత్రం వచ్చే ఉగాది అనీ, వచ్చే కోటిపల్లి తీర్థం అనీ వాయిదాలు పడుతూ వచ్చాయి. అతనికి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఊళ్ళో ఇంకా అతన్ని శ్రుతి బుల్లబ్బాయి అనే పిలిచేవారు.

మొదట్లో భీమేశం వాయిదా వేసింది బద్ధకం కొద్దీ. బుల్లబ్బాయి పట్టిన శ్రుతి పెద్ద రాయి పరిచినట్టు కదలకుండా ఉండేది. దాని మీద నిలబడి ఎంత దూరమైనా వెళ్ళి రావచ్చు. అలాంటివాణ్ణి లేపి సన్నాయి ఇస్తే మళ్ళీ ఇంకొకణ్ణి తయారు చెయ్యాలి. ఎవడు చేస్తాడులే అనుకున్నాడు. అంతవరకూ అయితే క్షమించవచ్చు.

తరవాత ఆయన పళ్ళు కదలడం మొదలైంది. పైపళ్ళు ఆసరా ఇవ్వకపోతే పెదవి పీకను బిగించి పట్టలేదు, స్వరం కిందికి జారుతుంది. ఒకసారి ఎవరింట్లోనో పెళ్ళిలో పైస్థాయికి వెళ్ళి నిలబడ్డాడు. నిలబడ్డ చోటు నుంచి స్వరం నూలుపోగంత జారింది. ఆయనకి తెలిసింది. పరువు పోయింది అనుకుని, ఇప్పుడు శ్రుతికీ స్వరానికీ పడక చెవుల్లో ముల్లు గుచ్చినట్టు వినపడుతుందని ఎదురుచూశాడు. ఏమీ వినపడలేదు. వెనకాల శ్రుతి కూడా అంతే జారి ఆయన పక్కకి వచ్చి నిలబడింది. పెదవి సర్దుకుని పైకి వెళితే అదీ మెల్లిగా పైకి వచ్చింది. పెళ్ళివారు తలలూపారు. భీమేశం వెనక్కి తిరిగి చూశాడు. బుల్లబ్బాయి తల వంచుకుని బుగ్గలు పూరించి ఊదుతున్నాడు.

శ్రుతి కదలదు, స్వరమే దాన్ని అంటిపెట్టుకుని ఉండాలి అన్నది కొత్తగా వచ్చిన పిల్లకాయలకి భీమేశం చెప్పే మొదటి పాఠం. తన వెనకాల ఆ పాఠం తలకిందులైందని ఆయనకీ బుల్లబ్బాయికీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇద్దరూ దాన్ని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆనాటి నుంచి పెళ్ళిపెళ్ళికీ అదే వరస. భీమేశం శ్రుతిశుద్ధి గురించి రాజమహేంద్రవరం దాకా చెప్పుకునేవారు. చెప్పుకున్న ప్రతిసారీ ఆయనకి లోపల చురుక్కుమనేది. చేస్తున్నది పాపమని తెలుసు. తెలిసి కూడా వచ్చే తీర్థానికి చూద్దాంలేరా అనేవాడు. బుల్లబ్బాయి, “అలాగే మావయ్యా” అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం భీమేశం పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ ఉండగా వంటింట్లోంచి మాటలు వినపడ్డాయి. బుల్లబ్బాయి అన్నం తింటున్నాడు. భీమేశం భార్య మరిడమ్మ వడ్డిస్తోంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే.

“ఏంట్రా అబ్బాయ్, సోమన్న పొద్దున్న అన్ని చివాట్లు తిన్నాడు? కల్యాణి అని ఒకటి, శంకరాభరణం అని ఒకటి, ఏంటి ఆ గొడవ?” అంది మరిడమ్మ.

“ఏం లేదత్తయ్యా. రెంటికీ ఒక్క మధ్యమమే తేడా. మిగతా అన్నీ ఒకటే. శంకరాభరణంలో మధ్యమం గాంధారం పక్కనే ఒదిగి ఉంటది. కల్యాణిలో పైకి జరిగి పంచమం గుమ్మంలో నిలబడతది. సోమన్న రెండిటికీ మధ్యలో ఎక్కడో వాలాడు. మావయ్యకి కోపం వచ్చింది.”

“అయితే ఆ ఒక్కటీ జరిగితే రాగమే మారిపోద్దా?”

“ఇల్లంతా మారిపోద్ది అత్తయ్యా” అని, బుల్లబ్బాయి సన్నగా రెండూ పాడి వినిపించాడు. తరవాత అక్కడితో ఆగకుండా తోడి రాగం అన్నాడు, అందులో గాంధారం ఎలా వణకాలో అన్నాడు, ఆ వణుకు మరీ ఎక్కువైతే ఏమవుతుందో అన్నాడు. మరిడమ్మకి అర్థమైందో లేదో గాని భీమేశానికి చెంబు చేతిలోనే ఉండిపోయింది. తను గొంతు తగ్గించి సోమన్న ఒక్కడికే చెప్పిన లక్షణమంతా ఆ ఒక్కడికీ తలకెక్కలేదు. వెనకచాప మీద నోరు మూసుకుని కూర్చున్నవాడికి ఎక్కింది. సరళి నుంచి లక్షణం దాకా అన్ని తరగతుల పాఠాలూ అతను ఒక్క చాప మీదే కూర్చుని, మైనంతో మూసిన కన్నాల మీదే వేళ్ళు ఆడించుకుంటూ చదివేశాడు.

బుల్లబ్బాయి వెళ్ళాక మరిడమ్మ భర్తకి కంచం పెట్టింది.

“విన్నావా?” అంది.

“విన్నాను.”

“మీ చెల్లెలికి ఏం చెప్పావో గుర్తుందా?”

“ఉంది.”

“మరి ఎందుకయ్యా వాణ్ణి అలా తొక్కి పెట్టావు? వాడి ఉసురు మనకి తగలదా?”

భీమేశం ముద్ద కలుపుతూ కలుపుతూ, పళ్ళ సంగతీ, శ్రుతి జారి వచ్చి తన పక్కన నిలబడే సంగతీ భార్యకి చెప్పేశాడు. చెబుతుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. మరిడమ్మ తిట్టలేదు. తిడితే కొంత తేలిగ్గా ఉండేది. కంచం తీస్తూ, “ఇంక ఆలస్యం చెయ్యకు” అని మాత్రం అంది.

చెయ్యలేదు. ఆ వారంలోనే శివాలయంలో నలుగురినీ పిలిచి బుల్లబ్బాయికి పీక అందించాడు. బుల్లబ్బాయి మేనమామ కాళ్ళ మీద పడి లేవలేకపోయాడు. మేళంలో డోలు వాయించే పాపాయి అనే ముసలాడు కళ్ళు తుడుచుకున్నాడు. ఉండి అనే ఊరి దగ్గర అబ్బాయిరాజు గారింట్లో పెళ్ళి దగ్గర పడింది. రాజుగారు భూస్వామి, సంగీతమంటే ప్రాణం పెట్టేవాడు, ఆయన మెచ్చుకున్న మేళానికి భీమవరం వైపంతా పిలుపులే. ఆ పెళ్ళిలో బుల్లబ్బాయి సన్నాయి వాయిస్తాడని భీమేశం కబురు పెట్టాడు. అక్కడ నెగ్గితే ఇక అతను సన్నాయి బుల్లబ్బాయి. ఓడితే మళ్ళీ అడిగేవాడు ఉండడు.

మరి శ్రుతి ఎవరు పట్టాలి? పాఠానికొచ్చే పిల్లకాయలకి ఇంకా చేతకాదు, సోమన్నకి గాలి నిలవదు. పాపాయికి డోలు ఉంది.

“నేనే పడతాను” అన్నాడు భీమేశం.

“నువ్వా?” అంది మరిడమ్మ.

“గురువు శ్రుతి పట్టి శిష్యుడిచేత వాయించాడంటే వాడికి ఎంత గౌరవం! పదిమందీ చూస్తారు.”

ప్రాయశ్చిత్తం చేసుకోవడం మంచిదే. పదిమందీ చూసేలా చేసుకోవాలనిపించడం దగ్గరే వచ్చింది చిక్కంతా. మరిడమ్మ, “పళ్ళు కదులుతున్నాయి కదయ్యా, ముందు నాలుగు రోజులు ఊది చూసుకో” అని నెత్తీ నోరూ కొట్టుకుంది. “ఒక్క స్వరమే కదే! అదేమన్నా వర్ణమా, కీర్తనా?” అని కొట్టిపారేశాడు భీమేశం. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషికి ఆ చాప మీద కూర్చోవడం కూడా ఒక విద్యేనని తోచలేదు.

కాలవలో పడవ మీద వెళ్ళారు. పొద్దుటి ముహూర్తం. రాజుల పెళ్ళిళ్ళలో ఒక పట్టింపు ఉంది. పెళ్ళికూతురు పీట మీద కూర్చున్న దగ్గర్నుంచి మూడు ముళ్ళూ పడేదాకా మేళం ఆగకూడదు. సన్నాయి ఊపిరి తీసుకోవచ్చు, డోలు చెయ్యి మార్చుకోవచ్చు, శ్రుతి మాత్రం తెగకూడదు. తెగితే ఆ జంటకి అరిష్టమని వాళ్ళ నమ్మకం. అలా తెంపిన మేళాన్ని గుమ్మం తొక్కనివ్వరు.

బుల్లబ్బాయి కల్యాణి ఎత్తుకున్నాడు. ఆదరాబాదరా లేదు. ఇన్నేళ్ళుగా లోపల పెట్టుకున్నదాన్ని ఒక్కొక్క స్వరమే బయటికి తీసి చూపిస్తున్నట్టు వాయించాడు. మాట్లాడుకుంటున్నవాళ్ళు మాటలు ఆపారు. వంటల దగ్గరున్నవాళ్ళు గరిటెలతోనే పందిట్లోకి వచ్చారు. అబ్బాయిరాజు గారు పెళ్ళికూతురి తండ్రినన్న సంగతి మరిచిపోయి మేళం వైపు తిరిగి కూర్చున్నాడు. బుగ్గలు పూరించి శ్రుతి ఊదుతున్న భీమేశానికి కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. బుల్లెమ్మ కూడా వింటే బాగుండునని అనిపించింది. ఎంత మోసం చేశాను వీణ్ణి అని కూడా అనిపించింది.

అప్పుడు పైపన్ను ఒకటి పక్కకి ఒరిగింది. పెదవి పట్టు తప్పింది, గాలి పక్కనుంచి పోయింది. శ్రుతి జారింది.

ఫరవాలేదు, వాడి స్వరం వాడిది, వాడు నిలబడితే చాలు, ఒక్క క్షణంలో సర్దుకుంటాను అనుకున్నాడు భీమేశం. కాని బుల్లబ్బాయి నిలబడలేదు. మేనమామ జారడం చెవిన పడగానే సన్నాయితో సహా జారి ఆయన పక్కకి వచ్చేశాడు. భీమేశం కంగారుపడి పైకి లాగాడు, మరీ పైకి వెళ్ళింది. బుల్లబ్బాయీ పైకి వచ్చాడు. మళ్ళీ జారితే మళ్ళీ దిగాడు. ఇతను ఆయన కోసం, ఆయన ఇతని కోసం కదులుతున్నారు, కదలని చోటంటూ ఎక్కడా మిగల్లేదు. మధ్యమం ఊగింది, గాంధారం ఊగింది, రాగం మొహం గుర్తుపట్టడానికి లేకుండా పోయింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రాజుగారి నొసలు ముడిపడింది.

నన్ను వదిలెయ్యరా, నీ దారిన నువ్వు ఉండరా అని అరవాలనిపించింది భీమేశానికి. నోట్లో పీక ఉంది. తీస్తే మేళం తెగుతుంది, అరిష్టం వస్తుంది. కళ్ళతో చెప్పాలని చూశాడు. బుల్లబ్బాయి కళ్ళు మూసుకుని చెవులతో ఆయన్నే పట్టుకుని ఉన్నాడు. మూడు ముళ్ళూ పడేదాకా అలాగే సాగింది.

అక్షింతలు పడ్డాక రాజుగారు పిలిపించాడు.

“ఏరా భీమేశం, ఎవర్ని తెచ్చావురా నా ఇంటికి? మొదట్లో బాగానే ఉన్నాడు. తరవాత ఏంటది? శ్రుతే లేదు.”

భీమేశం చేతులు కట్టుకున్నాడు. ఇప్పుడు నోరు ఖాళీగానే ఉంది. “శ్రుతి పట్టింది నేనండి. జారింది నాదండి. వాడిది ఏం తప్పు లేదండి, ఆయ్.”

రాజుగారు నవ్వాడు. “నీ శ్రుతి జారిందా? ఈ గోదావరికి రెండు పక్కలా నీ శ్రుతికి వంక పెట్టినవాడు ఉన్నాడా? శిష్యుణ్ణి వెనకేసుకు రావడం మంచి గుణమే. కాని నాకూ చెవులున్నాయి.”

“బాబుగారండి, దణ్ణం పెడతానండి, వినండి. ఇన్నాళ్ళూ నా శ్రుతి నిలబెట్టింది వాడేనండి. నేను తప్పినప్పుడల్లా వాడు కాసుకొచ్చాడండి. నేను దొంగనండి.”

“చాల్లే ఊరుకో. మేనల్లుడి మీద మమకారం అంత పని చేయిస్తుంది మరి” అన్నాడు రాజుగారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. గురువు మనసు ఎంత వెన్నో అని ఒక ముసలాయన మెచ్చుకున్నాడు కూడా. “సాయంత్రం ఊరేగింపుకి నీ కొడుకుని వాయించమను. ఆ బుల్లబ్బాయిని శ్రుతి పట్టుకోమను. ఎవరి చోట వాళ్ళుంటేనే అందం.”

రాజుగారి మాటకి తిరుగేముంది? సాయంత్రం సోమన్న వాయించాడు. వెనక బుల్లబ్బాయి శ్రుతి పట్టాడు. సోమన్న తప్పిన చోటల్లా శ్రుతి మెల్లిగా జరిగి వచ్చి వాడి కింద నిలబడింది. అది పల్లకీ వెనకాల నడుస్తున్న ఒక్క భీమేశానికే వినపడింది. తండ్రిని మించాడు అన్నారు జనం. సోమన్న నిజమేననుకున్నాడు.

మర్నాడు తిరుగు పడవలో భీమేశం మేనల్లుడి పక్కకి వచ్చి కూర్చున్నాడు.

“ఎందుకురా నా వెంట దిగావు? నువ్వు సన్నాయి వాయిస్తున్నావు కదరా. నీ చోట నువ్వు ఉండక్కర్లా?”

“ఉండాలి మావయ్యా. తెలుసు.”

“తెలిసి ఎందుకు దిగావురా?”

“నువ్వు జారుతుంటే వినపడింది. ఎలా వదిలెయ్యాలో నాకు రాలేదు” అన్నాడు బుల్లబ్బాయి.

భీమేశానికి అప్పుడు తెలిసింది. తను ఇతనికి సరళి చెప్పలేదు, వర్ణం చెప్పలేదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని లక్షణం చెప్పలేదు. దగ్గరుండి నేర్పింది ఇదొక్కటే. మిగతా విద్యంతా అతను తనంతట నేర్చుకున్నాడు, తను నేర్పినది వచ్చి దాన్ని తినేసింది.

“ఒరే బుల్లబ్బాయి, యానాం వెళ్ళిపోరా” అన్నాడు, అతని చెయ్యి పట్టుకుని. “అక్కడ ఒక మేళం ఉంది, సన్నాయికి మనిషి కావాలంటున్నారు. మనల్ని ఎరిగినవాళ్ళు లేరు, ఈ పెళ్ళి సంగతి అక్కడి దాకా పోదు. నేనే వచ్చి ఒప్పచెబుతాను. నీకు పీక అందించానని దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతాను. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వెళ్ళిపో. నా మాట కాదనకురా.”

బుల్లబ్బాయి మొహం ఒక్కసారి వెలిగింది. యానాం, సన్నాయి అని పెదవులు కదిలాయి. తరవాత పడవ ముందుభాగాన తలపాగా సర్దుకుంటూ నిన్నటి మెప్పు పాపాయికి మళ్ళీ మళ్ళీ చెబుతున్న సోమన్న మీద అతని చూపు పడింది. మొహంలో వెలుగు తగ్గి, దిగులు వచ్చింది.

“మరి సోమన్నకి శ్రుతి ఎవరు పడతారు మావయ్యా?” అన్నాడు.

ఆ మాటలో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని భీమేశం అతని కళ్ళల్లోకి చూశాడు. కోపం ఉన్నా సంతోషించేవాడే. ఏమీ లేదు. బుల్లబ్బాయి నిజంగానే అడుగుతున్నాడు, జవాబు కోసం మేనమామ మొహంలోకే చూస్తున్నాడు.